ఎరుపు ఎక్కడుంది?

మా చెల్లెలి కూతురు జయనగర్‌లో జరిగిన ఒక రాళ్ళ ప్రదర్శనకు వెళ్ళి రెండు ఎర్రటి స్ఫటికాలు కొనుక్కొచ్చింది. రెండూ బొటనవేలంత ఉన్నాయి. రెండింటి చీటీల మీదా ఒకటే పేరు: హెమటాయిడ్ క్వార్ట్జ్. ధర మాత్రం ఒకదానికి రెండోదానికి నాలుగింతల తేడా. "పెద్దమ్మా, రెండూ ఒకటే రాయైతే దీనికెందుకింత డబ్బు తీసుకున్నారు?" అని అడిగింది. నేను బెంగళూరులో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రాళ్ళు ఏరుకోవడం అంతకంటే పాత అలవాటు. నోటితో చెప్పేకంటే చూపిస్తేనే మేలనిపించింది. దాని అనుమతి తీసుకుని రెండు రాళ్ళనూ ఒక ప్లాస్టిక్ డబ్బాలో, ఇనుప తుప్పును కరిగించే ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో వేసి బాల్కనీలో పెట్టాను.

మూడో రోజు తీసి చూశాం. చౌకది రంగంతా పోయి, కడిగిన గాజు ముక్కలా తెల్లగా బయటికొచ్చింది. ఖరీదైనది పెట్టినప్పుడు ఎంత ఎర్రగా ఉందో అంతే ఎర్రగా ఉంది. పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అయితే మొదటిది నకిలీదా?" కాదు. అది కూడా నిజమైన స్ఫటికమే, దాని ఎరుపూ భూమిలో వచ్చిందే. కాకపోతే ఒకదానికి ఎరుపు ఒంటి మీద ఉంది, రెండోదానికి ఒంట్లో ఉంది. ఎర్ర స్ఫటికాల విషయంలో వినపడే పేర్లు, ధరలు, వాదాలు అన్నిటి చిక్కూ విప్పడానికి నాకు తెలిసిన దారి ఈ ఒక్క ప్రశ్నే: ఎరుపు ఎక్కడుంది?

పలుగురాయికి సొంత రంగు లేదు

మా రాయదుర్గం వైపు చేలలో నాగలికి తగిలే తెల్లటి పలుగురాళ్ళు గుర్తున్నవాళ్ళు చాలామందే ఉంటారు. చిన్నప్పుడు దుప్పటి ముసుగేసుకుని రెండు పలుగురాళ్ళను గట్టిగా రుద్దేవాళ్ళం, లోపల పచ్చటి వెలుగు మిణుకుమనేది. ఆ పలుగురాయీ, పూజలో పెట్టుకునే స్ఫటిక లింగమూ, మెడలో వేసుకునే స్ఫటిక మాలా అన్నీ ఒకే పదార్థం. ఒక సిలికాన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువుల లెక్కన అల్లుకున్న గట్టి అల్లిక అది. ఖనిజశాస్త్రంలో దాని పేరు క్వార్ట్జ్. మో కొలబద్దపై దాని గట్టిదనం 7, సాంద్రత నీటికి 2.65 రెట్లు. స్వచ్ఛంగా ఉంటే దానికి ఏ రంగూ ఉండదు. పాలలా కనిపించే పలుగురాయిలో కూడా తెలుపు దాని సొంతం కాదు. లోపల చిక్కుకున్న సూక్ష్మమైన నీటి బుడగలు వెలుతురును చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఇనుము సంగతి. ఇనుము పలుగురాయిలోకి రెండు రకాలుగా చేరుతుంది. ఈ రెండూ కలగలిపేయడం వల్లే సగం గందరగోళం. మొదటి దారిలో ఇనుము పరమాణువులు విడివిడిగా వచ్చి, అల్లికలో సిలికాన్ ఉండాల్సిన చోట కూర్చుంటాయి. చుట్టూ ఉన్న శిలల్లోని సహజ రేడియోధార్మికత లక్షల ఏళ్ళు వాటిని తాకుతుంటే ఊదా రంగు పుడుతుంది. అదే అమెథిస్ట్. దాన్ని కొలిమిలో వేడి చేస్తే ఊదా పోయి పసుపో తేనె రంగో వస్తుంది. బజారులో సిట్రిన్ పేరుతో అమ్మేవాటిలో చాలా భాగం ఇలా కాల్చిన అమెథిస్టే. రెండో దారిలో ఇనుము పరమాణువులుగా రాదు. ఆక్సిజన్‌తో కలిసి తనే వేరే ఖనిజమై, రేణువులుగా, రేకులుగా, సూదులుగా స్ఫటికంలో చిక్కుకుపోతుంది. ఎర్ర స్ఫటికాలన్నీ దాదాపుగా ఈ రెండో కుటుంబానివే. అమెథిస్ట్‌లో ఊదా పలుగురాయి రంగే అనొచ్చు. ఎర్ర స్ఫటికంలో ఎరుపు మాత్రం అతిథిది, అద్దం లాంటి ఆ ఇంట్లో కూర్చున్నది వేరొకరు.

గులాబి రంగు రోజ్ క్వార్ట్జ్ ఈ కుటుంబంలో చేరదని కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్నీ ఇనుముకే అంటగడుతుంటారు. గుట్టలుగా దొరికే రోజ్ క్వార్ట్జ్‌ను కరిగించి చూసిన అమెరికా పరిశోధకులు, డ్యుమోర్టియరైట్ అనే ఖనిజాన్ని పోలిన అతి సన్నటి గులాబి నారలే దాని రంగుకు కారణమని 2001లో ప్రచురించారు. అక్కడ కూడా రంగు అతిథిదే, అతిథి మాత్రం వేరు.

జాజు, కావి, హెమటైట్

ఎర్ర స్ఫటికంలోని ప్రధాన అతిథి హెమటైట్. రెండు ఇనుము పరమాణువులకు మూడు ఆక్సిజన్‌లు. రక్తం అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి ఆ పేరొచ్చింది. మనకు ఈ ఖనిజం పరాయిది కాదు. అరుగుల మీద, గోడల అంచులకు పూసే జాజు, సన్యాసుల బట్టలకు అద్దే కావి రాయి, పొలాల్లోని ఎర్రమన్ను, వీటన్నిటి ఎరుపుకూ మూలం హెమటైటే. భీంబేట్కా గుహల్లోనూ, కర్నూలు జిల్లా కేతవరం రాతిచిత్రాల్లోనూ నేటికీ చెక్కుచెదరకుండా ఉన్న ఎరుపు కూడా ఇదే. ఎండకూ కాలానికీ వెలవని రంగు. అందుకే ఎర్ర స్ఫటికాన్ని కిటికీ దగ్గర పెట్టుకున్నా భయం లేదు. అమెథిస్ట్‌ను మాత్రం అలా ఎండలో వదిలేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతుంది.

హెమటైట్‌లో ఒక వింత ఉంది, అది అర్థమైతే సగం రాళ్ళు వాటంతటవే అర్థమవుతాయి. పెద్ద హెమటైట్ ముక్క ఎర్రగా ఉండదు. నల్లగా, ఉక్కులా మెరుస్తుంది. బళ్ళారి ఇనుప ఖనిజాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్ళకు ఇది తెలుసు: రాయి నల్లగా, బరువుగా ఉంటుంది, చేతికంటిన పొడి మాత్రం ఎర్రగా ఉంటుంది. గరుకు పింగాణీ పెంకు మీద గీస్తే ఎర్రటి గీత పడుతుంది. కారణం మందం. ఈ ఖనిజం నీలం, ఆకుపచ్చ వెలుగులను గట్టిగా పీల్చుకుంటుంది, ఎరుపును కాస్త వదులుతుంది. రేకు సన్నగా ఉంటే ఆ ఎరుపు అవతలికి వచ్చి కంటికి తగులుతుంది. మందం పెరిగితే ఎరుపు కూడా లోపలే ఆరిపోతుంది, పై నుంచి వచ్చే మెరుపు మాత్రమే మిగులుతుంది. అందుకే ఒకే స్ఫటికంలో ఒకచోట రక్తబిందువుల్లాంటి చుక్కలు, ఇంకోచోట నల్లటి తళుకు రేకులు కనిపిస్తే అవి రెండు ఖనిజాలు కానక్కర్లేదు. వెనక నుంచి టార్చి వేసి చూడండి, ఆ నల్ల రేకు అంచు సన్నబడిన చోట ఎర్రగా వెలుగుతుంది. నాకు ఈ రాళ్ళ మీద ఇష్టం కలిగింది మొదటిసారి ఆ అంచు చూసినప్పుడే.

హెమటైట్‌కు ఇద్దరు దగ్గరి చుట్టాలున్నారు. ఒకటి గోథైట్, జర్మన్ కవి గోథే పేరు మీద పెట్టిన పేరు. రెండోది లెపిడోక్రోసైట్. ఈ రెండింటిలోనూ ఇనుము, ఆక్సిజన్‌తో పాటు హైడ్రోజన్ కూడా ఉంటుంది. గోథైట్ పసుపు, తేనె, గోధుమ రంగులిస్తుంది. లెపిడోక్రోసైట్ నారింజ కలిసిన ఎరుపు. వేడి తగిలితే గోథైట్ తనలోని నీటిని వదిలేసి హెమటైట్‌గా మారిపోతుంది. పచ్చి మట్టి కుండ ఆవంలో కాలి ఎర్రబడటంలోనూ, ఇటుక ఎర్రబడటంలోనూ జరిగేది చాలావరకు ఇదే. గుజరాత్‌లో ఖంభాత్ పనివాళ్ళు పసుపు, గోధుమ రంగు అకీకు రాళ్ళను కుండల్లో పెట్టి కాల్చి ఎర్రటి కార్నీలియన్‌గా మార్చే విద్య సింధు నాగరికత కాలం నుంచి వస్తున్నది. ఆ పూసల ఎరుపూ, మా పిల్ల కొన్న స్ఫటికం ఎరుపూ రసాయనంగా ఒకటే. కార్నీలియన్‌లో పలుగురాయి కంటికి ఆనని సన్నటి నారలుగా ఉంటుంది, స్ఫటికంలో ఒకే పెద్ద అల్లికగా ఉంటుంది, అంతే తేడా.

లోపలికి ఎలా వెళ్ళింది?

రాయి లోపలికి ఇంకో రాయి ఎలా దూరిందని పిల్లలు అడుగుతారు. దూరలేదు. బయట ఉన్నదాని చుట్టూ ఇల్లు కట్టుకుంది.

పటికబెల్లం చేసేటప్పుడు చూడండి. చిక్కటి చక్కెర పాకంలో దారం వేలాడదీస్తే దాని మీద పలకలు పొర మీద పొరగా పెరుగుతాయి. అసలు పటిక అనే మాటే స్ఫటికం నుంచి వచ్చింది. పాకంలో నలక పడితే అది పెరుగుతున్న పలక మీద వాలుతుంది, తర్వాతి పొర దాన్ని కప్పేస్తుంది. భూమి లోపల పాకం బదులు సిలికా కరిగిన వేడినీరు. వేడి, ఒత్తిడి ఎక్కువగా ఉన్న లోతుల్లో నీరు సిలికాను కరిగించుకుంటుంది, పైకి వచ్చి చల్లబడుతూ పగుళ్ళ గోడల మీద స్ఫటికాలుగా వదిలేస్తుంది. నలక బదులు ఇనుప తుప్పు.

తుప్పు అక్కడికెలా వచ్చిందన్నది ఇందులో అసలు కథ. ఆక్సిజన్ లేని నీళ్ళలో ఇనుము హాయిగా కరిగి ఉంటుంది, అలాంటి నీరు పారదర్శకంగానే కనిపిస్తుంది. దానికి ఆక్సిజన్ ఉన్న నీరు తగిలిన వెంటనే ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని, ఇక కరగలేని రూపంలోకి మారి, ఎర్రటి పొడిగా పడిపోతుంది. బోరు నీళ్ళు బకెట్టులోకి పట్టినప్పుడు తేటగా ఉండి, రాత్రి గడిచేసరికి అడుగున ఎర్రటి మడ్డి కట్టడం చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. స్ఫటికం పెరుగుతున్న గుహలోకి అలాంటి కొత్త నీరు ఒకసారి వచ్చి వెళ్ళిందంటే, ఆ సంగతి ఒక ఎర్ర పొరగా రాసి పెట్టినట్టే. నీటి వేడి, ఆమ్లత మారినా ఇదే జరగవచ్చు.

ఈ పొర ఎక్కడ పడిందో దాన్నిబట్టి స్ఫటికం జీవితం చదవవచ్చు. పెరుగుదల మధ్యలో ఆగి, ముఖాల మీద ఎర్రటి ధూళి పరుచుకుని, మళ్ళీ పెరుగుదల మొదలైతే, పెద్ద స్ఫటికం లోపల దాని చిన్ననాటి ఆకారం ఎర్రటి నీడలా నిలబడిపోతుంది. వీటిని ఫాంటమ్‌లంటారు. మొగ్గలో ఇంకో మొగ్గలా ఉంటాయి. కొన్నిట్లో ఎర్రధూళి ఒక పక్క ముఖాల మీదే ఉంటుంది, రెండో పక్క శుభ్రం. అంటే ధూళి పైనుంచి కిందికి రాలింది, ఆ పక్క పైకి చూస్తూ ఉంది. ఇరవై కోట్ల ఏళ్ళ క్రితం ఆ గుహలో ఏది పైన, ఏది కింద అన్నది అరచేతిలో పెట్టుకుని చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరించే సంగతి. ధూళి పొరలుగా కాక, మొదటి నుంచీ కలిసి పెరిగితే స్ఫటికం ఒళ్ళంతా ఇటుకలా, వెలుతురు దూరకుండా ఎర్రగా ఉంటుంది. జర్మన్ గని పనివాళ్ళు ఇలాంటివాటిని ఐజెన్‌కీజెల్ అనేవారు, ఇనుప గులకరాయి అనుకోండి. ఇక నాలుగోది, స్ఫటికం పూర్తయ్యాక పగిలి, ఆ పగుళ్ళలోకి ఇనుప నీరు చేరి మరకగా మిగలడం. అది జనన సమయపు ఎరుపు కాదు, తర్వాతి గాయం. ఐదోది మా పిల్ల కొన్న చౌకది, పైపూత మాత్రమే.

ఊరు మారితే ఎరుపు మారుతుంది

స్పెయిన్ ఎర్ర స్ఫటికాలతో ఈ కథ చెప్పడం నాకు ఇష్టం. కాంపోస్టెలా జసింతోలంటారు వాటిని. సాంతియాగో దె కాంపోస్టెలా పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్ళే యాత్రికుల పేరు మీద ఆ ఊరి పేరు రాళ్ళకు అంటుకుంది. దొరికేది మాత్రం ఆ ఊళ్ళో కాదు, దేశానికి తూర్పు వైపున్న వలెన్సియా, క్వెన్కా, టెరుయెల్ లాంటి ప్రాంతాల్లో. అక్కడ ఇరవై కోట్ల ఏళ్ళకు పైబడిన ట్రయాసిక్ కాలపు ఎర్ర బంకమట్టి, జిప్సం అనే మెత్తటి ఖనిజం పొరల్లో ఇవి దొరుకుతాయి. ఒకనాటి ఉప్పు కయ్యల్లాంటి నేలలవి. ఈ స్ఫటికాలు ఏ గోడనూ పట్టుకుని పెరగలేదు. మెత్తటి మట్టిలో, జిప్సంలో తేలుతూ అన్ని వైపులకూ పెరిగాయి. అందుకే రెండు చివర్లా ఆరుముఖాల మొన ఉంటుంది, చూడ్డానికి చక్కగా ఉంటాయి. చుట్టూ ఉన్న ఎర్రమట్టిలోని హెమటైట్‌నే మింగుతూ పెరగడం వల్ల లోపలిదాకా ఇటుకెరుపు. వాన పడ్డాక జిప్సం కొట్టుకుపోయి స్ఫటికాలు నేల మీద తేలతాయి, ఏరుకోవడమే. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రపు పీకోస్ నది లోయలో దొరికే పీకోస్ డైమండ్లు సరిగ్గా ఇలాంటివే. అక్కడి నేల పెర్మియన్ కాలానిది, ఇంకా పాతది. వేల మైళ్ళ దూరంలో ఉన్నా, ఒకే రకం నేల ఒకే రకం బిడ్డను కన్నది.

కెనడాలో సుపీరియర్ సరస్సు పక్కన థండర్ బే అమెథిస్ట్‌ల కథ వేరు. అక్కడి స్ఫటికం లోపల ఊదా, మొన దగ్గర పై పొర కింద ఎర్రటి చుక్కలు. పెరుగుదల చివరి దశలో హెమటైట్ వచ్చి పడింది, దాని మీద సన్నటి పలుగురాయి పొర కప్పింది. నేను ముందు చెప్పిన ఇనుము రెండు దారులూ ఒకే రాయిలో పైన ఒకటి, కింద ఒకటి చూడాలంటే దీన్ని మించినది లేదు. థండర్ బే ఉన్న ఆంటారియో రాష్ట్రం 1975లో అమెథిస్ట్‌ను తన అధికారిక ఖనిజంగా ప్రకటించుకుంది.

ఇంగ్లండ్‌లో కంబ్రియా ఇనుప గనుల నుంచి, దక్షిణాఫ్రికా ఆరెంజ్ నదీ తీరం నుంచి, చైనా గ్వాంగ్‌డాంగ్ నుంచి కూడా మంచి ఎర్ర స్ఫటికాలు వస్తాయి. ఆరెంజ్ నదివాటిలో ఫాంటమ్‌లు చాలా అందంగా ఉంటాయి.

మరి మన దగ్గర? బెంగళూరు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బళ్ళారి. సండూరు కొండల్లో ఇనుము, సిలికా రెండూ కొండలకు కొండలే ఉన్నాయి. దాదాపు 270 కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు అడుగున ఒక పొర ఇనుము, ఒక పొర సిలికా చొప్పున పేరుకుని గట్టిపడిన చారల రాయి అది. నల్లటి హెమటైట్ చార, ఎర్రటి జాస్పర్ (వెలుతురు దూరని సిలికా రాయి) చార, మళ్ళీ నల్లది. ఎర్ర స్ఫటికానికి కావలసిన సరుకులు రెండూ ఇంత పుష్కలంగా ఉన్న చోట స్ఫటికాలు ఎందుకు లేవని చాలామంది అడుగుతారు. స్ఫటికానికి సరుకుతో పాటు ఖాళీ కావాలి. మొన తేలి ముఖాలు విచ్చుకోవడానికి చుట్టూ నీరు నిండిన జాగా, తీరుబాటు ఉండాలి. చారల రాయిలో సిలికా కిక్కిరిసి, కంటికి కనపడని గింజలుగా గట్టిపడింది. అందుకే జాస్పర్ అయింది, స్ఫటికం కాలేదు. నా బల్ల మీద సండూరు చారల రాయి ముక్కను స్పెయిన్ స్ఫటికం పక్కనే పెట్టుకుంటాను. వంటసరుకులు ఒకటే, వండిన తీరే వేరు. పైగా ఆ కొండల్లో ఎక్కువ భాగం గని లీజులు, అడవులు. 2011లో సుప్రీంకోర్టు అక్కడి తవ్వకాలు ఆపించి, తర్వాత కఠిన నిబంధనలతో కొన్నిటిని తెరవనిచ్చింది. అనుమతి లేకుండా అక్కడ రాయి ముట్టుకోవద్దు.

నగరంలోనే చూడదగ్గవి ఉన్నాయి. లాల్‌బాగ్ గుట్ట దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి ద్వీపకల్ప నైస్ అనే శిల, వేడికీ ఒత్తిడికీ మారి చారలు తేలినది. భారత భూగర్భ సర్వే దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. అందులోని లేత చారలు పలుగురాయి, మరో ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌లవి. సుత్తి ఇంట్లో వదిలి కళ్ళతో చూడాల్సిన చోటు. మైసూరు రోడ్డున రామనగరం వైపు వెళితే గులాబి రంగు గుట్టలు వస్తాయి. ఆ ఊరి పాత పేరు మీదే ఆ శిలకు క్లోజ్‌పేట గ్రానైట్ అని పేరు. ఆ గులాబి ఫెల్డ్‌స్పార్‌ది. గ్రానైట్లలో ఫెల్డ్‌స్పార్‌కు ఆ రంగు తరచు కంటికి కనపడని హెమటైట్ రేణువుల వల్లే వస్తుంది. మన ఇళ్ళ మెట్లకు, వంటింటి గట్టుకు వేయించుకునే ఎర్ర గ్రానైట్‌లో కూడా ఇదే అతిథి దాక్కుని ఉంటుంది.

పేర్ల అడవి

ఇప్పుడు అంగట్లోకి వద్దాం. ఫైర్ క్వార్ట్జ్, హార్లెక్విన్, స్ట్రాబెర్రీ, టాంజెరిన్, హెమటాయిడ్, ఫెర్రూజినస్. వీటిలో ఏదీ ఖనిజం పేరు కాదు, అన్నీ వ్యాపారపు పేర్లే. మళ్ళీ నా పాత ప్రశ్నే వేయండి. టాంజెరిన్ అంటే సాధారణంగా నారింజ రంగు పైపూత ఉన్న బ్రెజిల్ స్ఫటికం. ఎరుపు ఒంటి మీద ఉన్నది. హార్లెక్విన్‌లో చుక్కలుగా, దారాలుగా, చాలాసార్లు మొన కింద లోపల ఉంటుంది. స్ట్రాబెర్రీలో రేకులుగానో సూదులుగానో లోపలంతా చల్లినట్టు ఉంటుంది, కజకిస్తాన్ నుంచి వచ్చేవి పేరున్నవి. ఫైర్ అన్నది హెమటైట్, గోథైట్, లెపిడోక్రోసైట్ ఏదున్నా అనేస్తారు. హెమటాయిడ్ అన్నది అన్నిటికీ వేసే గొడుగు. అందుకే మా పిల్ల రెండు రాళ్ళకూ ఒకే చీటీ వచ్చింది. అమ్మినవాళ్ళు అబద్ధం చెప్పారనలేను. ఆ మాట అంత వదులుగా ఉంది.

ఇవి రక్తదోషం పోగొడతాయని, మూలాధారాన్ని తెరుస్తాయని అమ్మడం కూడా ఇక్కడ చాలా చోట్ల చూస్తున్నాను. ఎవరి నమ్మకం వాళ్ళది. రక్తంలో ఇనుము తక్కువైతే మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. రాయిలోని హెమటైట్ చర్మం గుండా ఒంట్లోకి పోదు.

అసలైన మోసాలు వేరే ఉన్నాయి. చెర్రీ క్వార్ట్జ్ అని వచ్చేది దాదాపుగా రంగు కలిపిన గాజు. భూతద్దంలో గుండ్రటి గాలిబుడగలు, సుడులు తిరిగిన రంగు కనిపిస్తాయి. స్ఫటికంలో అలా రంగు సుడి తిరగదు. స్ఫటికాన్ని వేడి చేసి చల్లటి రంగునీళ్ళలో ముంచి పగులగొట్టేవి ఇంకో రకం. రంగు పగుళ్ళ గీతల్లో మాత్రమే, ఒకే చిక్కదనంతో, అతి శుభ్రంగా ఉంటుంది. గోళ్ళ రంగు తీసే అసిటోన్‌లో ముంచిన దూదితో తుడిస్తే కొన్ని రంగు వదులుతాయి. పైన లోహపు ఆవిరి పూసిన మెరుపు స్ఫటికాలు కూడా వస్తున్నాయి, వాటి తళుకు పెట్రోలు మరక మీది రంగుల్లా ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడం తేలికే. ఇక కోసి, సానబట్టి మొన తీసినవి నకిలీవి కావు గానీ సేకరణకు విలువ తక్కువ. సహజమైన స్ఫటికం నిలువు ముఖాలను వెలుగులో తిప్పి చూస్తే అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి. అవి పెరుగుదల గుర్తులు. సానరాయి మొదట చెరిపేసేవి అవే.

నా దగ్గరున్న పనిముట్లు మూడే. కంసాలులు వాడే పదింతల భూతద్దం, సన్నటి వెలుగునిచ్చే చిన్న టార్చి, ఓపిక. టార్చిని పక్క నుంచి వేసి రాయిని మెల్లగా తిప్పండి. లోపలున్న ఎరుపు ముఖం మీది మెరుపుతో పాటు కదలదు, లోతులో వెనకబడి నిలుస్తుంది. పైనున్న ఎరుపు మెరుపును మసకబారుస్తుంది. నూటికి తొంభై సందర్భాల్లో ఆమ్లం దాకా వెళ్ళక్కర్లేదు.

ఆమ్లం గురించి నాలుగు మాటలు

పాలరాయి పాలిష్ చేసేవాళ్ళు వాడే తెల్లటి పొడే ఆక్సాలిక్ ఆమ్లం. చుక్కకూర పులుపుకు కారణం కూడా ఇదే. కూరలో ఉన్నంత మోతాదు వేరు, పొడి రూపంలో ఇది విషం. చేతి తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకుని, గాలి ఆడే చోట, లోహపు పాత్ర కాకుండా ప్లాస్టిక్ దాన్లో కలపాలి. నేను లీటరు నీళ్ళకు 50 గ్రాములకు మించి వేయను, పొయ్యి మీద అసలు పెట్టను. పిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో దీనికి తాళం వేసిన చోటు కావాలి. ఈ ఆమ్లం ఇనుప తుప్పును పట్టుకుని కరిగిస్తుంది, పలుగురాయిని ముట్టుకోలేదు. అందుకే స్ఫటికం లోపల మూసుకుపోయిన ఎరుపును ఎన్నాళ్ళు నానబెట్టినా ఏమీ చేయలేదు. గోథైట్ రకం పసుపు మరకలు త్వరగా పోతాయి. గట్టిగా పట్టిన హెమటైట్ మొండిది, చాలా రోజులు తీసుకుంటుంది, కాబట్టి మూడు రోజుల్లో పోలేదంటే లోపలిదేనని తీర్మానించకూడదు. రాయికి సున్నపు ఖనిజం అంటుకుని ఉంటే ఆమ్లం దాని మీద తెల్లటి పొర కట్టి వదలదు. జిప్సం నేలల స్పెయిన్ స్ఫటికాలను నేను ఇందులో వేయను, మెత్తటి బ్రష్షు, మామూలు నీళ్ళు చాలు. పని అయ్యాక మంచినీళ్ళు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టకపోతే పసుపు చారలు మిగులుతాయి.

ఇంకో మాట మనసులోంచి చెప్పాలి. పూత ఉందని ప్రతి రాయినీ కడగొద్దు. ఆ పూత కూడా ఆ రాయి కథలో ఒక పేజీ. మా నాయనమ్మ ఊరి గుట్ట మీద దొరికిన పలుగురాయి ముక్కను పాతికేళ్ళ క్రితం ఉత్సాహంలో ఆమ్లంలో వేసి తెల్లగా తోమేశాను. ఇప్పుడది ఏ ఊరి రాయైనా కావచ్చు. ఆ ఎర్రమన్నే దాని ఊరని అప్పుడు తోచలేదు.

అదే కారణంతో చీటీ రాయమని అందరికీ చెబుతాను. ఎక్కడ దొరికింది, ఏ గని, ఏ ఊరు, ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నది. చిన్న ముక్కైనా సరే, దొరికిన చోటు రాసి ఉన్నది ఊరు తెలియని పెద్ద ముక్క కంటే నాకు విలువైనది. స్పెయిన్ స్ఫటికం, న్యూ మెక్సికో స్ఫటికం పక్కపక్కన పెడితే నేనే తడబడతాను. వాటిని విడదీసేది చీటీ ఒక్కటే. రాయి మీద వేలిగోరంత తెల్ల రంగు వేసి, దాని మీద అంకె రాసి, అదే అంకెతో పుస్తకంలో వివరాలు రాసుకోవడం మ్యూజియాల పద్ధతి. అట్టపెట్టెలో వదులుగా పెట్టిన కాగితాలు ఇల్లు మారినప్పుడల్లా తప్పిపోతాయి, బెంగళూరులో అద్దె ఇళ్ళు మారడం అందరికీ తెలిసిందే.

పోయిన సంక్రాంతికి రాయదుర్గం వెళ్ళినప్పుడు మా పిల్ల మా చేను గట్టు మీద ఒక పలుగురాయి ముక్క ఏరింది. స్ఫటికం కాదు, పాలరంగు ముద్ద, మధ్యలో జాజు గీసినట్టు ఒక ఎర్ర చార. బెంగళూరు వచ్చాక టార్చి వేసి, భూతద్దం పెట్టి గంటసేపు చూసుకుంది. కడగలేదు. చీటీ తనే రాసింది: "27వ రాయి. పలుగురాయి. రాయదుర్గం, తాతగారి చేను, తూర్పు గట్టు. ఎరుపు: పగుల్లో."